దారం పట్టే మనిషి ఎటు పోయాడు?

కట్టుబడికి నలుగురు కావాలంటుంది మయమతం. స్థపతి, సూత్రగ్రాహి, తక్షకుడు, వర్ధకి. స్థపతి కట్టడాన్ని ఊహించి నిర్ణయిస్తాడు. తక్షకుడు రాయినీ కొయ్యనూ చెక్కుతాడు. వర్ధకి చెక్కినవాటిని పేర్చి జతపరుస్తాడు. నన్ను పట్టుకుని వదలనివాడు మాత్రం ఆ రెండోవాడు, సూత్రగ్రాహి. అతను స్థపతికి కొడుకో శిష్యుడో అయివుండాలి. దారం, కొలకర్ర వాడకంలో ఆరితేరాలి. స్థపతి మనసులో ఉన్నదాన్ని నేల మీద గీతగా దింపాలి. చోళుల కాలం నాటిదని పండితులు అంచనా కట్టే ఈ సంస్కృత గ్రంథం, ఊహించేవాడికీ చెక్కేవాడికీ మధ్య ఒక మనిషి నిలబడి తీరాలని గుర్తించింది. గుర్తించడమే కాదు, అతనికి రెండో పీట వేసింది. ఆ సంగతి చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. హైదరాబాద్ శివార్లలో మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వెళ్తూ రోడ్డుకు అటూ ఇటూ లేస్తున్న ఇళ్లను చూసినప్పుడల్లా అతనే గుర్తొస్తాడు.

పాతకాలంలో కట్టడం పని శంకువుతో మొదలయ్యేది. నేలను చదును చేసి, మధ్యలో శంకువు అనే కొయ్యమేకు పాతి, దాని చుట్టూ వలయం గీసేవారు. పొద్దున మేకు నీడ కొస ఎక్కడ వలయాన్ని తాకిందో అక్కడొక గుర్తు, మధ్యాహ్నం తిరిగాక నీడ మళ్లీ తాకినచోట ఇంకొక గుర్తు. రెండు గుర్తులనూ కలుపుతూ దారం లాగితే తూర్పు పడమరలు తేలతాయి. సూర్యుడితో సరిచూసుకున్న ఆ గీత మీదే ఇల్లంతా లేచేది. ఈ రోజు శంకుస్థాపనలో పూజ మిగిలింది, కొలత పోయింది. ఇది చిన్న నష్టం కాదనే నా అభిప్రాయం. ఇంటి యజమాని, స్థపతి, పనివాళ్లు అందరూ ఒకచోట నిలబడి ఒకే గీతను చూసిన రోజు అది.

దారం మాత్రం ఇంకా ఉంది. ఇప్పుడు పునాదికి ముగ్గు పోసే రోజు ప్లాటులో నిలబడి చూడండి. మేస్త్రీ మూల మీద మేకు కొడతాడు, దారం కడతాడు. ఒక వైపు మూడడుగులు, ఇంకో వైపు నాలుగడుగులు కొలిచి గుర్తుపెట్టి, ఆ రెంటి మధ్య అయిదడుగులు వస్తోందో లేదో టేపుతో చూస్తాడు. అంగుళం తేడా వస్తే దారం విప్పి మళ్లీ కడతాడు. మూల కుదిరాకే సున్నప్పొడి నేల మీద పడుతుంది. ఎక్కడ తవ్వాలో, ఏ పిల్లర్ ఎక్కడ రావాలో అక్కడే తేలిపోతుంది. కాగితం మీద తప్పు ఉంటే ఆ పూటే బయటపడాలి. ప్లాను గీసిన మనిషి అక్కడ లేకపోతే, ఆ తప్పు గోడై లేస్తుంది.

మన దగ్గర స్థపతుల పేర్లు దాదాపు మిగల్లేదు. పాలంపేట గుడి 1213 నాటిది, కట్టించినవాడు రేచర్ల రుద్రుడు. జనం నోట మిగిలింది మాత్రం రామప్ప, శిల్పిగా తరతరాలు చెప్పుకునే పేరు. 2021లో యునెస్కో జాబితాకు ఎక్కినప్పుడు కూడా రుద్రేశ్వర ఆలయం అన్న పేరు పక్కన ఆ పేరు చేరింది. 1591లో హైదరాబాద్ నగర రచన చేసిన ఘనత మీర్ మోమిన్ అస్త్రాబాదీకి ఇస్తారు. ఆ తరవాత మూడు శతాబ్దాల పాటు కట్టించిన పాలకుల పేర్లే వినిపిస్తాయి, కట్టినవాళ్ల పేర్లు వినబడవు.

అందుకే ఏడో నిజాం కాలమంటే నాకు అంత ఇష్టం. దారం పట్టిన మనుషులు అక్కడ పేర్లతో సహా కనిపిస్తారు. కలకత్తా విక్టోరియా మెమోరియల్‌ను గీసినవాడు విలియం ఎమర్సన్. కానీ కలకత్తాలో ఉండి ఆ పనిని పర్యవేక్షించిన ఆర్కిటెక్టు విన్సెంట్ ఎష్. అచ్చమైన సూత్రగ్రాహి. నిజాం ప్రభుత్వం 1914లో పిలిపించుకున్నది ఇతన్నే. కాచిగూడ స్టేషను, సిటీ హైస్కూలు, ఉస్మానియా ఆసుపత్రి అతని చేతిమీదుగా వచ్చినవే. మూసీ ఒడ్డున హైకోర్టు కథ ఇంకా బాగుంటుంది. జైపూర్‌కు చెందిన శంకర్‌లాల్ నమూనా గీశాడు, ఎష్ దాన్ని మార్చి తీర్చిదిద్దాడు, మెహర్ అలీ ఫాజిల్ అనే స్థానిక ఇంజనీరు నిలబడి కట్టించాడు. 1915లో మొదలైన పని 1919లో పూర్తయింది. 1920 ఏప్రిల్ 20న ప్రారంభమైంది. ఎర్ర ఇసుకరాయి, గులాబీ గ్రానైట్ కలిసిన ఆ భవనం వెనక ముగ్గురున్నారు, ముగ్గురి పేర్లూ మనకు తెలుసు.

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీకి ఇంకా ముందు నుంచి మొదలుపెట్టారు. స్థలం ఎంపిక మీద 1920లలోనే ప్యాట్రిక్ గెడ్డెస్ సలహా అడిగారు. తరవాత ఒక్క రాయి కూడా పాతకముందే, జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరు ఆర్కిటెక్టులను ప్రపంచంలోని విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపారు. యూరప్, అమెరికా, జపాన్, టర్కీ, ఈజిప్ట్ తిరిగారు. కైరో దగ్గర హెలియోపోలిస్‌లో పేరు తెచ్చుకున్న బెల్జియం ఆర్కిటెక్టు ఎర్నెస్ట్ జాస్పర్‌ హైదరాబాద్‌కు వచ్చాడు. అతను ఎల్లోరా, అజంతా చూశాకే కాలేజీ స్తంభాలకు వాటి పోలిక వచ్చింది. 1934లో పునాదిరాయి, 1939 డిసెంబరు 4న ప్రారంభం. చూడటానికి, ఆలోచించడానికి ఏళ్లు ఇచ్చిన ప్రభుత్వం అది. ఆ ఓపిక మళ్లీ మనకు కనబడలేదు.

ఆ రోజుల్లోనే మొయినాబాద్ తలరాత కూడా రాసేశారు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచాక మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహాతో మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ నది మీద హిమాయత్ సాగర్ 1927లో వచ్చాయి. ఆ రెండు చెరువుల పరీవాహకంలోనే మొయినాబాద్ ఉంది. 1996 మార్చి 8న వచ్చిన జీవో 111 ఇక్కడి 84 ఊళ్లలో కట్టడాలకు పగ్గాలు వేసింది. కొత్త లేఅవుట్లలో 60 శాతం ఖాళీగా, రోడ్లకు వదలాలంది. కట్టే విస్తీర్ణం స్థలంలో సగం దాటకూడదంది. 2022 ఏప్రిల్‌లో జీవో 69 ఆ ఆంక్షలను సడలించింది. నీళ్లకు మాత్రం జీవోలు తెలియవు. ఉస్మాన్ సాగర్ నిండు నీటిమట్టం 1790 అడుగులు, హిమాయత్ సాగర్‌ది 1763.5 అడుగులు. ఇక్కడ ఆర్కిటెక్టు మొదటి పని బొమ్మ గీయడం కాదు. సర్వే నంబరు ఎక్కడ పడుతుందో, వాన నీరు ఎటు పారుతుందో, కింద ఎర్ర నేలో నల్లరేగడో చూడటం. ఎండాకాలం నెర్రెలిచ్చి వానాకాలం ఉబ్బే రేగడిలో గట్టి పొర తగిలేదాకా పునాది దిగకపోతే కొన్నేళ్లకే గోడ చీలవచ్చు.

1972 ఆర్కిటెక్టుల చట్టం కింద ఏర్పడ్డ కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ ఈ పనిని ఏడు దశలుగా చెబుతుంది. ఊహ, ప్రాథమిక డిజైన్, అనుమతుల డ్రాయింగులు, పనికి కావాల్సిన వివరమైన డ్రాయింగులు, కాంట్రాక్టరు ఎంపిక, నిర్మాణం, పూర్తి. ఫీజు కూడా దశలవారీగానే చెల్లించాలి. నిర్మాణ దశలో ఆర్కిటెక్టు అప్పుడప్పుడు వచ్చి చూడాలి, రోజువారీ పర్యవేక్షణకు వేరే మనిషి ఉండాలి. మయమతం చెప్పిన రెండోవాడు ఇక్కడ మళ్లీ వచ్చాడు, కానీ కాగితం మీదే. 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఇంకో సంగతి స్పష్టం చేసింది. చట్టం కాపాడేది ‘ఆర్కిటెక్టు’ అనే హోదాను మాత్రమే. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు ఆ పేరు పెట్టుకోకూడదు, ఆ పని చేయకుండా మాత్రం చట్టం ఆపదు. అదే సంవత్సరం వచ్చిన టీఎస్ బీపాస్ చట్టంతో 600 గజాల లోపు, పది మీటర్ల ఎత్తు లోపు ఇంటికి స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి దొరుకుతోంది. మంచిదే. అయితే చాలామంది అనుమతి చేతికి రాగానే ఆర్కిటెక్టుతో పని అయిపోయిందనుకుంటున్నారు. మిగిలిన దశలన్నీ మేస్త్రీ మీద పడుతున్నాయి. మన మేస్త్రీల చేతి నైపుణ్యం గొప్పది. కానీ తను గీయని బొమ్మ వెనక ఉన్న ఆలోచనకు వాళ్లను జవాబుదారీ చేయడం అన్యాయం.

స్లాబ్ పోసే ముందు రోజు సాయంత్రం సెంట్రింగ్ ఎక్కి చూస్తే తెలుస్తుంది. ఇనుము కింద కవర్ బ్లాకులు ఉన్నాయా, కరెంటు పైపులు బీముల్లో కుక్కేశారా, బాత్‌రూం కిందికి దిగాల్సినచోట దిగిందా. పోశాక ఇవేవీ కనబడవు, మార్చడానికి డ్రిల్లు పట్టాల్సిందే.

మొయినాబాద్‌లోనో చేవెళ్లలోనో ఇల్లు కట్టుకోబోతున్నవాళ్లకు నా విన్నపం ఒకటే. ఆర్కిటెక్టుతో ఒప్పందంలో డ్రాయింగుల సంఖ్యతో పాటు సైటుకు ఎన్నిసార్లు రావాలో కూడా రాయించుకోండి. ముగ్గు పోసే రోజు, పునాది గోతులు తవ్విన రోజు, ప్రతి స్లాబుకు ముందు రోజు. ఆ రాకపోకలకు విడిగా డబ్బు కట్టండి.