మామిడి తోటలలో విపత్తు నష్టాల అంచనా: నూజివీడు ప్రాంతం

తుఫాను, వరద, వడగళ్ళు, కరవు వంటి ప్రకృతి వైపరీత్యం ముగిసిన తరువాత ఒక ప్రాంతం ఏమేమి కోల్పోయిందో లెక్కగట్టి, దానిని రూపాయలలోకి మార్చి, సహాయానికీ పునర్నిర్మాణానికీ ఎంత అవసరమో తేల్చే ప్రక్రియను విపత్తు నష్టాల అంచనా అంటారు. తెలుగులో "నష్టం" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకునే చోట ఈ శాస్త్రం రెండు వేర్వేరు విషయాలను చూస్తుంది. మొదటిది ఆస్తి నష్టం: కూలిన ఇల్లు, కొట్టుకుపోయిన రోడ్డు, వేళ్ళతో సహా పెళ్ళగిలిన చెట్టు ఈ ఖాతాలోకి వస్తాయి. రెండవది ఆదాయ నష్టం: ఆ ఆస్తి మళ్ళీ అక్కరకు వచ్చేదాకా ఆగిపోయే రాబడి, ఈలోగా అదనంగా మీదపడే ఖర్చు ఇందులో చేరతాయి. వరి చేలో పైరే ఆస్తి, పైరే ఆదాయం కావడం వల్లా, ఆ రెండూ ఒకే కారుతో ముగిసిపోవడం వల్లా ఈ తేడా పెద్దగా పట్టించుకోనక్కరలేదు. మామిడి తోటలో మాత్రం రాలిన కాయ ఒక ఏటి లెక్క, పడిన చెట్టు అనేక ఏళ్ళ లెక్క కాబట్టి, రెంటినీ ఒకే గడిలో రాసే పద్ధతి ఇక్కడ ఇబ్బంది పెడుతుంది.

ఆస్తినీ ఆదాయాన్నీ విడదీసి చూసే పద్ధతికి 1972 డిసెంబరులో నికరాగ్వా రాజధాని మనాగ్వాను నేలమట్టం చేసిన భూకంపం నాంది పలికింది. ఆ అనుభవం నుంచి ఐక్యరాజ్యసమితి లాటిన్ అమెరికా ఆర్థిక సంఘం ఈ లెక్కింపు విధానాన్ని రూపొందిస్తూ వచ్చింది. 2008లో ఐరోపా సమాఖ్య, ఐక్యరాజ్యసమితి, ప్రపంచ బ్యాంకు కలిసి, నష్టంతో పాటు కోలుకోవడానికి కావలసినదాన్ని కూడా లెక్కించే "విపత్తు అనంతర అవసరాల అంచనా"కు ఉమ్మడిగా అంగీకరించాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని తాకిన హుద్‌హుద్ తుఫాను తరువాత రాష్ట్ర ప్రభుత్వం, ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు ఇటువంటి సంయుక్త అంచనానే తయారు చేశాయి. అప్పుడు రాష్ట్రం చెప్పిన నష్టం సుమారు రూ.21,900 కోట్లు కాగా, ప్రధానమంత్రి ప్రకటించిన తక్షణ సహాయం రూ.1,000 కోట్లు. ఇంత అంతరం చూసి ఎవరో ఒకరు అబద్ధం చెప్పారనుకోవడం పొరపాటు. రాష్ట్రం చెప్పేది పోయినదాని విలువ. కేంద్రం ఇచ్చేది విపత్తు సహాయ నిధి నిబంధనల పట్టికలో ఒక్కొక్క పద్దుకు ఎంత రేటు రాసి ఉందో దాని మొత్తం. 2024 వరదలకు రాష్ట్రం ప్రాథమికంగా చూపిన రూ.6,882 కోట్లను కూడా ఈ తేడా ఎరిగి చదువుకోవాలి.

నేల, పంట, కాలం

నూజివీడు మామిడి సీమ అని వ్యవహారంలో పిలిచే ప్రాంతం ఒక మండలంతో ఆగదు. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాలతో పాటు విస్సన్నపేట, రెడ్డిగూడెం, తిరువూరు, మైలవరం వైపు మెట్ట భూములలోనూ తోటలు పరచుకొని ఉన్నాయి. ఒకప్పుడు ఇదంతా కృష్ణా జిల్లా. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనలో నూజివీడు ఏలూరు జిల్లాలోనూ, మైలవరం, తిరువూరు వైపు మండలాలు ఎన్టీఆర్ జిల్లాలోనూ చేరడంతో, ఒకే సాయంత్రం ఒకే గాలికి రాలిన కాయలకు రెండు కలెక్టరేట్ల నుంచి రెండు నివేదికలు వెళ్ళే పరిస్థితి ఏర్పడింది. బంగినపల్లి, చిన్న రసాలు, పెద్ద రసాలు, ఇక్కడివారు కలెక్టరు కాయ అని పిలిచే తోతాపురి ప్రధాన రకాలు. సరుకులో చాలా భాగం విజయవాడ పొలిమేరలోని నున్న మార్కెట్‌కు చేరుతుంది. డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయానికి చెందిన మామిడి పరిశోధన స్థానం నూజివీడులోనే ఉంది.

తోట డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు పూతకు వస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలలలో పిందె కట్టి, టెంక ముదిరి, ఏప్రిల్ నుంచి జూన్ వరకు కోతకు వస్తుంది. బంగాళాఖాతంలో రుతుపవనాలకు ముందు తుఫానులు పుట్టే కాలం కూడా ఏప్రిల్, మే నెలలే. 1990 మే 9న కృష్ణా ముఖద్వార ప్రాంతాన్ని తాకిన పెను తుఫాను, 2010 మే 20న బాపట్ల వద్ద తీరం దాటిన లైలా, 2022 మే 11న బలహీనపడి మచిలీపట్నం, నరసాపురం మధ్య తీరం చేరిన అసని, మూడూ మామిడి కోత నడుస్తున్న రోజులలో వచ్చినవే. అదే తీవ్రతగల తుఫాను నవంబరులో వస్తే చెట్టు మీద కాయే ఉండదు కనుక కాయ నష్టం సున్నా, జరిగేదంతా చెట్టు నష్టమే. ఈ కారణంగా, గాలి వేగం చూసి నష్టం ఊహించే సూత్రాలు మామిడికి అక్కరకు రావాలంటే క్యాలెండరును కూడా ఎదురుగా పెట్టుకోవాలి.

తోటలో లెక్కింపు

పూర్వం మద్రాసు రాజధానిలో పంట దిగుబడిని రూపాయికి పదహారణాల లెక్కన కొలిచేవారు. నిండు పంట పదహారణాలు, సగం పంట ఎనిమిదణాలు. ఈ అణావారీని బట్టి శిస్తు మాఫీ తేలేది. గ్రామ లెక్కలలో ఏ సర్వే నంబరులో ఏ పంట ఉందో చెప్పే అడంగల్ దీనికి ఆధారం. ఇప్పుడు ఆ స్థానంలో ఈ-పంట నమోదు వచ్చింది. రైతు సేవా కేంద్రాలలోని ఉద్యాన సహాయకులు, రెవెన్యూ సిబ్బంది తోటకు వచ్చి, ఫొటో తీసి, శాతం రాస్తారు. అణాలు పోయి శాతాలు వచ్చాయే తప్ప, కంటితో చూసి భాగం చెప్పే పని మారలేదు.

కేంద్ర నిబంధనల ప్రకారం పంట నష్టం 33 శాతం, లేదా అంతకు మించి ఉంటేనే సహాయం అందుతుంది. 2015కు ముందు ఈ గీత 50 శాతం దగ్గర ఉండేది. 2022-23 నుంచి 2025-26 వరకు వర్తించే పట్టికలో వర్షాధార పంటకు హెక్టారుకు రూ.8,500, నీటి వసతి ఉన్న పంటకు రూ.17,000, మామిడి వంటి బహువార్షిక పంటకు రూ.22,500 చొప్పున, రెండు హెక్టార్ల పరిమితితో ఇస్తారు. దీని పేరు నష్టపరిహారం కాదు, పెట్టుబడి రాయితీ. మళ్ళీ సాగు మొదలుపెట్టడానికి చేయూతే గాని పోయిన పంట ధర కాదన్న ఈ భేదం కాగితం మీద స్పష్టంగానే ఉన్నా, ఊళ్ళో "పరిహారం వచ్చిందా?" అని అడిగేవారికి అది పట్టదు.

ఊహాత్మకమైన ఒక హెక్టారు తోటను తీసుకొని చూస్తే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. పది మీటర్ల ఎడంతో నాటితే అందులో వంద చెట్లు పడతాయి. ఆ ఏడాది ఎనిమిది టన్నుల కాయ రావలసి ఉండగా మూడు టన్నులు గాలికి రాలిపోయాయనీ, కోసిన కాయ కిలో రూ.25, రాలిన కాయ కిలో రూ.6 పలుకుతాయనీ అనుకుంటే, రూ.75,000 విలువైన సరుకుకు చేతికొచ్చేది రూ.18,000. రాలిన కాయను కోయనక్కరలేదు గనుక కోత ఖర్చు కిలోకు రూ.2 చొప్పున మిగిలిందనుకున్నా, నికర నష్టం రూ.51,000 ఉంటుంది. నష్టం 37.5 శాతం కనుక రూ.22,500 వస్తుంది. రాలినది మూడు టన్నులు కాక రెండున్నర టన్నులైతే నష్టం 31.25 శాతం, అప్పుడు రైతుకు దాదాపు రూ.42,500 పోయినా, వచ్చేది ఏమీ ఉండదు. ఒక అర టన్ను తేడాను కంటి చూపుతో నిర్ణయించవలసిన ఉద్యోగి ఎంత నిజాయితీపరుడైనా, అతని మీద ఊరి ఒత్తిడి ఎటు పనిచేస్తుందో ఊహించవచ్చు.

ఈ లెక్కలో హారం కూడా స్థిరమైనది కాదు. మామిడి ఒక ఏడు విరగగాసి మరుసటి ఏడు తగ్గే స్వభావం గలది. పైగా ఏ విపత్తూ లేకుండానే పూతలో అత్యధిక భాగం, పిందెలో పెద్ద భాగం రాలిపోతాయి. కాబట్టి 33 శాతం దేనిలో అన్న ప్రశ్నకు, గత దిగుబడుల సగటులోనా, ఈ ఏటి కాపులోనా అని ముందే తేల్చుకోవాలి. వరికి వాడే పంట కోత ప్రయోగం, అంటే కొలిచిన చిన్న మడిలో పైరు కోసి తూచి మొత్తాన్ని లెక్కగట్టడం, విడతలు విడతలుగా కోసే మామిడికి సులువుగా అమరదు.

అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది సాక్ష్యానిది. రాలిన కాయ నేలకు తగిలి దెబ్బతింటుంది. రెండు మూడు రోజులు దాటితే కుళ్ళుతుంది. అందువల్ల గాలి ఆగిన మర్నాడు తెల్లవారకముందే ఇంటిల్లిపాదీ, కూలీలూ గంపలతో చెట్ల కిందికి చేరి, పచ్చడికి, ఒరుగులకు పనికొచ్చే వాటిని ఏరి, అయినకాడికి అమ్మేస్తారు. నాలుగో రోజు లెక్కింపు బృందం వచ్చేసరికి చెట్టు కింద మిగిలేది పగిలిన కాయలు, ఆకులు, విరిగిన రెమ్మలు. నష్టం తగ్గించుకున్న రైతు ఆ పనితోనే తన రుజువును కూడా అమ్ముకున్నట్టవుతుంది; ఏరకుండా వదిలేసినవాడికి రుజువు ఉంటుంది, డబ్బు ఉండదు. శాస్త్రీయంగా చేయదలిస్తే కొన్ని నమూనా చెట్లను ఎంచుకొని, కొమ్మ మీద మిగిలిన కాయలనూ, కాయ తెగిపోయి తొడిమ మాత్రం నిలిచిన గుత్తులనూ లెక్కపెట్టి నిష్పత్తి తేల్చవచ్చు. ఇది చెట్టుకు కొంత సమయం తీసుకునే పని. హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం అందించే ఉపగ్రహ చిత్రాలు వరద నిలిచిన చేలను బాగానే పట్టిస్తాయి గాని, పచ్చని గుబురు కింద రాలిన కాయ వాటికి చిక్కదు.

జాబితా దగ్గర మరొక మెలిక ఉంది. కేంద్రం గుర్తించిన విపత్తులు పన్నెండు: తుఫాను, కరవు, భూకంపం, అగ్నిప్రమాదం, వరద, సునామీ, వడగళ్ళు, కొండచరియలు, మంచు చరియలు, కుండపోత, చీడపీడలు, శీతల గాలులు. మామిడి రైతు ఏటా భయపడే వేసవి ఈదురుగాలి ఇందులో విడిగా లేదు. స్థానిక విపత్తులుగా రాష్ట్రం ప్రకటించుకున్న వాటికి నిధిలో పది శాతం వరకు వాడుకునే వీలు ఉంది. ఆ దారి లేని చోట గాలితో పాటు నాలుగు వడగళ్ళు పడ్డాయా లేదా అన్నది నివేదికలో కీలకమైపోతుంది.

చెట్టు విలువ

హెక్టారుకు రూ.22,500ను వంద చెట్లకు పంచితే చెట్టుకు రూ.225. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను శ్రీకాకుళం ఉద్దానంలో కొబ్బరిని కూల్చినప్పుడు రాష్ట్రం చెట్టుకు రూ.1,500 ప్రకటించింది. అక్కడ కూలినది చెట్టేనన్న సంగతిని లెక్క ఒప్పుకుంది. మామిడికి న్యాయమైన లెక్క కట్టాలంటే, కొత్త మొక్క నాటి పెంచే ఖర్చుకు, అంటు మొక్క కాపుకు వచ్చే నాలుగైదేళ్ళూ, నిండు కాపు అందుకునే పదేళ్ళ వరకూ తగ్గిన రాబడిని నేటి విలువకు కుదించి కలిపి, అమ్ముడుపోయిన కలప ధరను తీసివేయాలి. వాలిన చెట్టంతా పోయినట్టు కాదు కూడా. ఒక వైపు వేళ్ళు మట్టిలో నిలిచిన లేత చెట్టును కొమ్మలు నరికి బరువు తగ్గించి, తాళ్ళతో లేపి, ఊతం పెట్టి, కోసిన చోట బోర్డో పేస్టు పూస్తే బతికే అవకాశం ఉంది. లెక్కింపు మాత్రం వారం పది రోజులలో ముగుస్తుంది.

నష్టం ఎవరిది

ఈ ప్రాంతంలో తోట యజమాని చాలాసార్లు కాపును పూత మీదనో, పిందె మీదనో వ్యాపారికి అమ్మేస్తాడు. మందులు కొట్టించడం, కాపలా పెట్టడం, కోయించడం అప్పటినుంచి వ్యాపారి ఖర్చు. రాలిన కాయ కూడా అతనిదే. ఈ-పంటలో, పట్టాదారు పాసు పుస్తకంలో ఉండే పేరు మాత్రం యజమానిది. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలు రైతుకు పదకొండు నెలల పత్రం ఇస్తారు గాని, దానికి యజమాని సమ్మతి కావాలి. పైగా అది భూమి సాగుచేసేవాడిని ఉద్దేశించినది, కాపు కొన్నవాడిని కాదు. ఫలితంగా పెట్టుబడి రాయితీ ఒకరి ఖాతాలో పడి, నష్టం మరొకరి దగ్గర నిలుస్తుంది. వ్యాపారి ఒప్పందం తిరగదోడి బాకీ తగ్గించమని అడిగితే యజమానికీ కొంత నష్టం తగులుతుంది; ఈ బేరం నోటి మాటతో జరుగుతుంది కనుక ఏ రిజిస్టరులోనూ ఎక్కదు. కోత కూలీలు, గడ్డి పరిచి కాయ పేర్చేవారు, నున్నకు తోలే ట్రాక్టరు డ్రైవర్లు కోల్పోయే పని దినాలు ఆదాయ నష్టంలోకి రావలసినవే అయినా, వీరి పద్దు పట్టికలో లేదు.

2016లో పునర్వ్యవస్థీకరించిన వాతావరణ ఆధారిత పంటల బీమా తోటకు వచ్చి చూసే పని లేకుండా, నిర్ణీత వాతావరణ కేంద్రంలో నమోదైన వాన, ఉష్ణోగ్రత, గాలి వేగం హద్దు దాటితే చెల్లింపు చేస్తుంది. ఉద్యాన పంటలకు రైతు వాటా బీమా మొత్తంలో గరిష్ఠంగా ఐదు శాతం. కంటి అంచనా బెడద దీనితో తప్పుతుంది. అయితే వేసవి గాలివాన ఒక ఊరి తోటను ఊడ్చి పక్క ఊరిని తాకకుండా పోతుంది కనుక, గాలి తగిలిన చోట యంత్రం లేకపోతే రైతుకు పైసా రాదు.

కాయ లేని కాలంలో తగిలే దెబ్బకు ఈ పద్ధతులలో చోటే లేదు. పూత మొగ్గ కట్టడానికి మామిడికి పొడిగా, చల్లగా ఉండే కాలం కావాలి. 2023 డిసెంబరు 5న బాపట్ల వద్ద తీరం దాటిన మిచాంగ్ వంటి తుఫాను ఆ సమయంలో వాన కురిపిస్తే, చెట్టు పూతకు బదులు చిగురు వేయవచ్చు, లేదా పూత ఆలస్యం కావచ్చు. ఆలస్యమైన కాపు మే చివరకు జరిగి, తొలకరి వానకు చిక్కి, పండు ఈగ పాలవుతుంది. డిసెంబరులో లెక్కింపు బృందం వచ్చి చూస్తే తోట పచ్చగా, ఆరోగ్యంగా, కొత్త చిగుళ్ళతో కళకళలాడుతూ కనిపిస్తుంది.