ఇటానియం

ఇటానియం అనేది ఇంటెల్, హ్యూలెట్-ప్యాకార్డ్ (హెచ్.పి.) సంస్థలు కలసి రూపొందించిన 64-బిట్ మైక్రోప్రాసెసర్ల కుటుంబం. ఇంటెల్ వీటిని 2001 నుండి 2021 వరకు విక్రయించింది. వీటి నిర్మాణ పద్ధతిని ఐఎ-64 అంటారు. పెద్ద సర్వర్లలో వాడుకలో ఉన్న పలు రకాల ప్రాసెసర్ల స్థానాన్ని ఇది ఆక్రమిస్తుందని 1990వ దశకంలో చాలామంది భావించారు. కాని పాత ఎక్స్86 పద్ధతినే 64 బిట్లకు పొడిగించిన ఎ.ఎం.డి. సంస్థ మార్గమే చివరకు నిలిచింది. ఆదేశాల క్రమాన్ని కంపైలరు నిర్ణయించాలా, ప్రాసెసరు నిర్ణయించాలా, పాత సాఫ్టువేరును ఎంతవరకు కాపాడాలి అన్న చర్చలకు ఇటానియం చరిత్ర ముఖ్యమైన ఉదాహరణ.

నేపథ్యం

1978లో 8086 ప్రాసెసరుతో మొదలైన ఎక్స్86 పద్ధతి, 1985లో 80386తో 32-బిట్ స్థాయికి చేరింది. 32 బిట్ల చిరునామాతో ఒక ప్రోగ్రాము నేరుగా అందుకోగల మెమరీ 4 గిగాబైట్లకు మించదు. వ్యక్తిగత కంప్యూటర్లకు అప్పట్లో ఇది సరిపోయినా, పెద్ద డేటాబేసులకు చాలలేదు. ఆ రంగంలో ఆల్ఫా, పి.ఎ.-రిస్క్, మిప్స్, స్పార్క్, పవర్ వంటి 64-బిట్ ప్రాసెసర్లు పోటీపడేవి. ఒక్కొక్క సంస్థ తన సొంత చిప్పును అభివృద్ధి చేసుకోవడం చాలా ఖర్చుతో కూడిన పని. పి.ఎ.-రిస్క్‌కు వారసునిగా కొత్త పద్ధతి కోసం హెచ్.పి. 1989లో పరిశోధన ప్రారంభించి, 1994లో ఇంటెల్‌తో భాగస్వామ్యాన్ని ప్రకటించింది.

పనిచేసే విధానం

సాధారణ ఆధునిక ప్రాసెసరు ఏ ఆదేశాలు ఒకదానిపై మరొకటి ఆధారపడవో ప్రోగ్రాము నడుస్తుండగానే గుర్తించి, వాటిని ఏకకాలంలో అమలు చేస్తుంది. ఇందుకు క్లిష్టమైన వలయాలు అవసరం. ఇటానియంలో ఈ బాధ్యతను కంపైలరుకు అప్పగించారు. ఈ విధానానికి ఎపిక్ అని పేరు. 41 బిట్ల చొప్పున మూడు ఆదేశాలు, వాటి అమరికను తెలిపే 5 బిట్లు కలసి 128 బిట్ల కట్టగా ఏర్పడతాయి. పూర్ణాంకాలకు 128, దశాంశ గణనకు 128 రిజిస్టర్లు ఉంటాయి. షరతులు ఉన్నచోట రెండు దారుల ఆదేశాలనూ చేపట్టి, అక్కరలేని దారి ఫలితాలను వదిలివేసే ఏర్పాటు కూడా ఉంది.

వాదోపవాదాలు

వలయాలు సరళమైతే ఆ స్థలంలో మరిన్ని గణన విభాగాలను అమర్చవచ్చునని సమర్థకులు వాదించారు. అయితే కావలసిన సమాచారం దగ్గరలోని క్యాషేలో ఉన్నదా, దూరాన ఉన్న మెమరీ నుండి రావలసి ఉన్నదా అన్నది కంపైలరుకు ముందుగా తెలియదు. ప్రోగ్రాము నడిచే ప్రతిసారీ అది మారవచ్చు. క్రమబద్ధంగా సాగే శాస్త్రీయ గణనలలో ఇటానియం బాగా రాణించింది. షరతులు అధికంగా ఉండే సాధారణ ప్రోగ్రాములలో ఆశించిన ఫలితం రాలేదు. ఈ పద్ధతికి కావలసిన కంపైలర్లను రాయడం దాదాపు అసాధ్యమని తేలిందని కంప్యూటరు శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ 2008లో ఒక ఇంటర్వ్యూలో అభిప్రాయపడ్డారు.

రెండవ అభ్యంతరం పాత సాఫ్టువేరుకు సంబంధించినది. ఎక్స్86 ప్రోగ్రాములు తొలి ఇటానియంపై నడిచినా, వేగం చాలా తక్కువగా ఉండేది.

ఎ.ఎం.డి. ప్రత్యామ్నాయం

తొలి ఇటానియం అనేక వాయిదాల తరువాత 2001లో విడుదలైంది. మెరుగైన ఇటానియం 2 మరుసటి సంవత్సరం వచ్చింది. ఈలోగా ఎ.ఎం.డి. 1999లో ఎక్స్86-64 పద్ధతిని ప్రకటించి, 2003 ఏప్రిల్‌లో ఆప్టెరాన్ ప్రాసెసరును విడుదల చేసింది. పాత 32-బిట్ ప్రోగ్రాములు దీనిపై ఏ మార్పూ లేకుండా పూర్తి వేగంతో నడిచేవి. వినియోగదారులు తమకు వీలైనప్పుడు 64 బిట్లకు మారవచ్చు. సాధారణ రిజిస్టర్ల సంఖ్య కూడా 8 నుండి 16కు పెరిగింది. 2004లో ఇంటెల్ సైతం తన జియాన్ ప్రాసెసర్లలో ఇదే పద్ధతిని అనుసరించింది. దీంతో ఇటానియం పెద్ద సర్వర్లకే పరిమితమైంది.

ఇతర సంస్థలపై ప్రభావం

ఇటానియం మార్కెట్లో నిలదొక్కుకోకముందే, దాని భవిష్యత్ ప్రణాళికను నమ్మి పలు సంస్థలు తమ ప్రాసెసర్లను వదులుకున్నాయి. ఆల్ఫాను క్రమంగా విరమించి ఇటానియంకు మారతామని కాంపాక్ 2001 జూన్‌లో ప్రకటించింది. మరుసటి సంవత్సరం ఆ సంస్థ హెచ్.పి.లో విలీనమైంది. మిప్స్ వాడుతున్న సిలికాన్ గ్రాఫిక్స్ కూడా ఇటానియం వైపు మళ్ళింది. ఈ సంస్థ నాసా కోసం 10,240 ఇటానియం 2 ప్రాసెసర్లతో నిర్మించిన కొలంబియా, 2004 నవంబరు నాటి టాప్500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో రెండవ స్థానం పొందింది.

క్షీణత

తదుపరి లినక్సు విడుదలలో ఇటానియంకు మద్దతు ఉండదని రెడ్ హ్యాట్ 2009లోను, విండోస్ సర్వర్ 2008 ఆర్2 తరువాత మద్దతు ఉండదని మైక్రోసాఫ్ట్ 2010లోను ప్రకటించాయి. 2011లో ఒరాకిల్ కూడా అదే బాట పట్టగా, ఇది ఒప్పందానికి విరుద్ధమని హెచ్.పి. దావా వేసింది. 2012లో న్యాయస్థానం హెచ్.పి.కి అనుకూలంగా తీర్పునిచ్చింది. 2016లో జ్యూరీ 300 కోట్ల డాలర్ల పరిహారం నిర్ణయించింది. ఇటానియం తయారీని 2017 వరకు కొనసాగించడానికి హెచ్.పి. ఇంటెల్‌కు రెండు ఒప్పందాల ద్వారా మొత్తం 69 కోట్ల డాలర్లు చెల్లించేందుకు అంగీకరించినట్లు ఈ కేసు పత్రాల ద్వారా బయటపడింది.

చివరి తరం ఇటానియం 2017లో వచ్చింది. సరఫరా 2021 జూలైలో ముగిసింది. 2024 జనవరిలో విడుదలైన లినక్సు కెర్నెల్ 6.7 నుండి దీనికి మద్దతును తొలగించారు.

వినియోగదారులకు మిగిలినది

ఇటానియంపై ఆధారపడిన వినియోగదారులు మరల మారవలసి వచ్చింది. 1970వ దశకంలో వ్యాక్స్ కంప్యూటర్ల కోసం పుట్టిన ఓపెన్‌వి.ఎం.ఎస్. నిర్వహణ వ్యవస్థ ఆల్ఫాకు, అటుపిమ్మట ఇటానియంకు మారి, 2022లో ఎక్స్86-64కు చేరింది. హెచ్.పి.-యు.ఎక్స్. వ్యవస్థను మాత్రం ఎక్స్86కు మార్చలేదు. దానిపై నడిచే ప్రోగ్రాములను వినియోగదారులే వేరొక వ్యవస్థకు తరలించుకోవలసి వచ్చింది.