చూసేది మనం, కొనేది వేరొకరు

సంతకు తోలుకొచ్చిన గేదెను ఎవరైనా "ఏమే, నీకు ఏ ఆసామి నచ్చాడే?" అని అడుగుతారా? అడగరు. బేరం అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య. గేదెది మూగనోము. టీవీ ముందు కూర్చున్న మనల్ని గేదెతో పోలిస్తే కోపం రావచ్చు గాని, వారం వారం కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసిన సీరియల్ ఉన్నట్టుండి ఆగిపోయిందంటే దాని వెనక లెక్క దాదాపు ఇదే.

మనం కొనుగోలుదార్లమనీ, కథ సరుకనీ అనుకుంటాం. కాదండీ. ప్రకటనల మీద బతికే ప్రసారాల్లో కొనేది ప్రకటన ఇచ్చే కంపెనీ. అమ్మేది ప్రసార సంస్థ. అమ్ముడయ్యే సరుకు మనమే! మన చూపూ, మన అరగంటా. కథలూ పాత్రలూ మనల్ని కూర్చోబెట్టడానికి వేసిన పీటలన్నమాట.

ఈ బేరం టీవీ కంటే పాతది. 1930ల్లో అమెరికా రేడియోలో పగటిపూట ధారావాహిక నాటకాలు మొదలయ్యాయి. మగవాళ్ళు పనుల్లోకీ పిల్లలు బడికీ వెళ్ళాక ఇంట్లో మిగిలేది ఇల్లాలు. ఇంటికి సబ్బు కొనేదీ ఆవిడే. అందుకని ప్రోక్టర్ అండ్ గాంబుల్ వంటి సబ్బుల కంపెనీలు ఆ నాటకాలకు డబ్బు పెట్టాయి. వాటికి 'సోప్ ఆపెరా' అన్న పేరు అలా వచ్చిందే. ఇల్లాలి కన్నీళ్ళూ సబ్బు నురగా ఒకే తొట్టిలో కలిశాయి!

సరే, సరుకు నోరు విప్పితే ఏమవుతుంది? అదీ చూశారు అమెరికావాళ్ళు.

1966 సెప్టెంబరు 8న ఎన్.బి.సి. సంస్థ 'స్టార్ ట్రెక్' అనే సీరియల్ మొదలుపెట్టింది. అంతరిక్షంలో ఒక ఓడ, అందులో రకరకాల మనుషులు, వాళ్ళ సాహసాలు. చూసినవాళ్ళు ప్రాణం పెట్టి చూశారు. కాని లెక్కల్లో మాత్రం వెనకబడింది. ఆ రోజుల్లో నీల్సెన్ అనే సంస్థ సుమారు 1,200 ఇళ్ళను ఎంచుకుని, టీవీలకు మీటర్లు తగిలించి, దేశమంతా ఏం చూస్తున్నదో అంచనా కట్టేది. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూసినట్టు. పద్ధతిలో తప్పు లేదు. కాని మీ ఇంట్లో మీటరు లేకపోతే మీరు నవ్వినా ఏడ్చినా లెక్కలోకి రాదు. పైగా మెతుకు ఉడికిందని తెలుస్తుంది గాని, తినేవాడి ఆకలి ఎంతో తెలియదు కదా!

రెండో ఏడాది నడుస్తుండగానే సీరియల్ ఎత్తేస్తారన్న పుకారు పుట్టింది. బిజో ట్రింబుల్ అనే అభిమానీ, ఆవిడ భర్త జాన్ నడుం కట్టారు. ఆవిడ ఉపాయం మన పేరంటం పిలుపులాంటిదే. ఒక్కొక్కరూ పదిమందికి చెప్పాలి, ఆ పదిమందీ మరో పదిమంది చొప్పున చెప్పాలి, అందరూ ఉత్తరాలు రాయాలి. ఇళ్ళల్లో కంప్యూటర్లు లేవు, ఫోను చేద్దామంటే డబ్బు. ఉన్నదల్లా తపాలా బిళ్ళ. సీరియల్ నిర్మాత జీన్ రాడెన్‌బెరీ కూడా తెర వెనక నుంచి చెయ్యి వేశాడు లెండి. 1968 వసంతం నాటికి ఎన్.బి.సి.కి చేరిన ఉత్తరాలు 1,16,000 దాకా అని లెక్క. ఆ మార్చి 1న ఒక ఎపిసోడ్ అయిపోగానే, సీరియల్ కొనసాగుతుందని టీవీలోనే ప్రకటించారు.

గెలిచారనే అనుకున్నారు పాపం. కాని మూడో ఏడాది దాన్ని శుక్రవారం రాత్రి పది గంటలకు తోసేశారు. దాన్ని ఇష్టపడేదేమో ఎక్కువగా కుర్రకారు. శుక్రవారం రాత్రి కుర్రకారు ఇంట్లో ఉంటారా? ఖర్చులూ తగ్గించారు. "అడిగారుగా, పెట్టాం" అన్నట్టు వడ్డించి, విస్తరిని ఎంగిలి చేతులు కడిగే చోటికి జరిపినట్టయింది. చివరి ఎపిసోడ్ 1969 జూన్ 3న వచ్చింది.

అయితే ఉత్తరాలన్నీ బూడిదలో పోసిన పన్నీరేనా? ఇక్కడే ఉంది తమాషా. అమెరికాలో పాత సీరియళ్ళను ఊరూరా ఉన్న స్థానిక స్టేషన్లకు మళ్ళీ అమ్ముతారు. వాళ్ళు వారానికి ఐదు రోజులు వరసగా వేసుకుంటారు. అలా వెయ్యాలంటే ఎపిసోడ్లు దండిగా ఉండాలి. మొదటి రెండేళ్ళలో తీసినవి 55. అంటే పదకొండు వారాలకే ఖాళీ. మూడో ఏడాదివి 24 కలిస్తే 79 అయ్యాయి, దాదాపు పదహారు వారాలు. ఉత్తరాలు సంపాదించిన ఆ ఒక్క ఏడాది, సీరియల్‌ని రెండోసారి అమ్మకానికి పనికొచ్చేలా చేసింది. స్థానిక స్టేషన్లలో సాయంత్రం పూట వేస్తే, ఎన్.బి.సి.లో రాని జనం అప్పుడు వచ్చారు. 1976లో అమెరికా కట్టిన మొదటి స్పేస్ షటిల్‌కు, అభిమానుల ఉత్తరాల మూలాన ఆ కథలోని ఓడ పేరే పెట్టారు. ఎంటర్‌ప్రైజ్! 1979లో సినిమా కూడా వచ్చింది.

ఈ 'రెండోసారి అమ్మకం' మర్మం ముందుగా పట్టుకున్నవాళ్ళలో ఒక ఆడమనిషి ఉంది. హాస్యనటి లూసిల్ బాల్. 1951లో మొదలైన 'ఐ లవ్ లూసీ'ని ఆవిడా భర్తా ఫిల్ము మీద తీసి, ఆ ఫిల్ముల హక్కు తమ దగ్గరే ఉంచుకున్నారు. స్టార్ ట్రెక్ తీసింది కూడా ఆవిడ స్టూడియోయే. కాని 1967లోనే దాన్ని అమ్మేసింది. చెట్టు నాటింది ఒకరు, పళ్ళు కోసుకున్నది మరొకరు.

చూసేవాళ్ళు తక్కువైతే ఆపారు, సరే. ఎక్కువగా ఉన్నా ఆపిన సంగతి వినండి. 1971లో సి.బి.ఎస్. సంస్థ పల్లెటూరి కథల్నీ, పల్లె పాటల కార్యక్రమాల్నీ ఒక్క ఊపున ఊడ్చేసింది. వాటిలో 'హీ హా' వంటివి దేశంలో మొదటి ఇరవైలో ఉన్నవే! కారణం? వాటిని చూసేది ఎక్కువగా వయసు మళ్ళినవాళ్ళూ, పల్లెటూళ్ళవాళ్ళూ. ప్రకటనదారులకు కావలసింది పట్నాల్లో ఉండి ఖర్చు పెట్టే వయసువాళ్ళు. అంటే తలలు లెక్కపెట్టడమే కాదు, తలల మీద నెరిసిన వెంట్రుకలూ లెక్కపెట్టారన్నమాట.

ఇద్దరు ఆడ పోలీసుల కథ 'కాగ్నీ అండ్ లేసీ'ది ఇంకో దారి. ఆ పాత్రలు మరీ మొరటుగా ఉన్నాయని సి.బి.ఎస్. పెద్దలకు అసంతృప్తి. మొదటి విడత అయ్యాక కాగ్నీ వేషధారిణి మెగ్ ఫాస్టర్‌ను తీసేసి షారన్ గ్లెస్‌ను పెట్టారు. 1983లో సీరియల్‌నే ఆపేశారు. ఆడవాళ్ళు ఉత్తరాలు కుమ్మరించారు. ఆ వేసవిలో పాత ఎపిసోడ్లు మళ్ళీ వేస్తుంటే చూసేవాళ్ళూ పెరిగారు. సెప్టెంబరులో లేసీ వేసిన టైన్ డాలీకి ఎమ్మీ బహుమతి వచ్చింది. 1984లో సీరియల్ తిరిగొచ్చింది, 1988 దాకా నడిచింది. 1983 నుంచి ఆరేళ్ళూ ఉత్తమ నటి బహుమతి ఆ ఇద్దరిలో ఎవరో ఒకరిదే! ఇక్కడ గెలిచింది ఒక్క ఉత్తరమే కాదు. ఉత్తరమూ, లెక్కా, బహుమతీ మూడూ కలిసొచ్చాయి.

మన దేశం సంగతి చెప్పకపోతే ఎలా? 1987 జనవరిలో దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ 'రామాయణ్' మొదలైంది. ఆదివారం ఉదయం వీధులు ఖాళీ. 1988లో ఉత్తరకాండ లేకుండానే ముగిస్తారని తెలిసేసరికి జలంధర్‌లో పారిశుద్ధ్య కార్మికులు చీపుళ్ళు కింద పెట్టేశారు. వాల్మీకి మహర్షిని తమ మూలపురుషుడిగా కొలిచేవాళ్ళు వాళ్ళు. ఆయన కథలో ముఖ్యంగా కనిపించేది ఆ కాండలో కదా! సమ్మె ఉత్తరాదిలో మరికొన్ని నగరాలకూ పాకింది. చివరికి ఉత్తరకాండా తీశారు. ప్రకటనదారులు ఎన్నడూ ఏరికోరని ప్రేక్షకులు వాళ్ళు. వాళ్ళ విలువ మీటరు చెప్పలేదు, వీధి మలుపుల్లో పేరుకున్న చెత్త చెప్పింది.

సబ్బు నాటకాల్లో పెద్దమ్మ 'గైడింగ్ లైట్' 1937లో రేడియోలో పుట్టి, 1952లో టీవీకి ఎక్కి, 2009 సెప్టెంబరులో ఆగింది. డెబ్బై రెండేళ్ళు! అమ్మమ్మ, అమ్మ, మనవరాలు ఒకే కథ చూసిన ఇళ్ళున్నాయి. ఆడవాళ్ళు ఉద్యోగాలకు వెళ్ళారు, ఛానెళ్ళు పెరిగాయి, పగటిపూట కూర్చుని చూసేవాళ్ళు తగ్గారు. సబ్బు అమ్ముకోవడానికి వేరే దారులు దొరికాయి.

ఇప్పుడు నెలనెలా చందా కట్టి చూస్తున్నాం గనక మనమే కొనుగోలుదార్లమయ్యాం అనుకోవచ్చు. కొంత నిజమే. కాని అక్కడా ఒక కథ నిలుస్తుందా లేదా అన్నది, దాని ఖర్చుకు తగ్గట్టు చందాదార్లు వస్తున్నారా, ఉంటున్నారా అన్నదాన్ని బట్టే. ఇష్టంగా చూసే నాలుగిళ్ళ కంటే, కొత్తగా చేరే నలభై ఇళ్ళు ముద్దు.

అందుకని మనసుపడ్డ సీరియల్ ఆగిపోతే "ఇంతమందిమి చూస్తున్నాం, ఇదేం అన్యాయం" అని వాపోవడంలో తప్పు లేదు. ఎంతమంది చూశారో మీటరు చెబుతుంది. ఎంత ప్రేమగా చూశారో చెప్పడం దానికి చేతకాదు. ఆ రెండో మాట మనం నోరు తెరిచి చెబితే తప్ప ఎవరికీ తెలియదు. చెప్పినా వింటారన్న భరోసా లేదనుకోండి. అయినా 24 ఎపిసోడ్లు రాబట్టిన ఆ తపాలా బిళ్ళలు తెలివితక్కువ ఖర్చు మాత్రం కాదు.