ముల్కీ నుంచి స్థానికుడి దాకా: సమానావకాశ భావన – మెట్‌పల్లి కేంద్రంగా ఒక పరిశీలన

తెలంగాణలో విద్య, ఉద్యోగాలకు సంబంధించిన సమానావకాశ చర్చ ప్రధానంగా రెండు పదాల చుట్టూ సాగింది. ఒకటి ‘ముల్కీ’, రెండవది ‘స్థానికుడు’. మొదటి పదానికి ఆధారం నివాసం. రెండవ దానికి ప్రధానంగా బడి. ఈ మార్పు చట్టాల్లో ఎలా జరిగిందో, ఒకనాటి కరీంనగర్ జిల్లాలోని మెట్‌పల్లి వంటి పట్టణానికి దాని ఫలితం ఏమిటో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

‘ముల్క్’ అంటే దేశం, రాజ్యం. 1919 నాటి నిజాం ఫర్మానా ప్రకారం బయటివారు ముల్కీలుగా గుర్తింపు పొందాలంటే 15 ఏళ్ల నివాసం ఉండాలి. అయితే పాలనాభాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన కూడా ఉర్దూలోనే. కాబట్టి తెలుగు ఇంటి పిల్లవాడికి ముల్కీ అన్న గుర్తింపు ఒక్కటే కొలువు తెచ్చిపెట్టలేదు. హక్కుకూ దాన్ని అందుకునే చదువుకూ నడుమ ఉన్న ఈ దూరమే తరువాతి చరిత్రకంతటికీ మూలం. 1952లో ముల్కీ ఉద్యమాన్ని విద్యార్థులే ముందుండి నడిపించడం ఈ సందర్భంలో గమనార్హం.

రాజ్యాంగం 16వ అధికరణం ప్రభుత్వోద్యోగాల్లో పౌరులందరికీ సమానావకాశం కల్పించింది. జన్మస్థలం, నివాసం కారణంగా వివక్ష కూడదన్నది. నివాస నిబంధన విధించే అధికారాన్ని పార్లమెంటుకు మాత్రమే ఇచ్చింది. ఆ అధికారంతోనే 1957లో ప్రభుత్వోద్యోగాల నివాసార్హత చట్టం వచ్చింది. రాష్ట్రం మొత్తానికి తప్ప అందులో ఒక భాగానికి నివాస నిబంధన పెట్టడం కుదరదని 1969 మార్చిలో సుప్రీంకోర్టు తెలంగాణకు సంబంధించిన నిబంధనను కొట్టివేసింది. 1972 అక్టోబరులో అదే న్యాయస్థానం ముల్కీ నిబంధనలు చెల్లుతాయన్నది. మొదటి తీర్పు తెలంగాణలో, రెండవది ఆంధ్రలో ఆందోళనను రగిల్చాయి. రెండు ప్రాంతాలూ కోరింది న్యాయమే; కొలమానాలే వేరు.

1973 నాటి ఆరు సూత్రాల పథకం, 32వ రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చిన 371-డి అధికరణం కొత్త కొలమానాన్ని ఇచ్చాయి. 16వ అధికరణం వ్యక్తుల నడుమ సమానత్వాన్ని చెప్పగా, 371-డి ప్రాంతాల నడుమ న్యాయమైన అవకాశాలను చెప్పింది. ఆ మేరకు 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, మెట్రిక్ పరీక్షకు మొదట హాజరైన సంవత్సరంతో ముగిసే నాలుగేళ్లు వరుసగా ఎక్కడ చదివితే అక్కడివారినే స్థానికులుగా గుర్తించింది. బడికి పోనివారికి నివాసం ఆధారమైంది. పుట్టిన ఊరు లెక్కలోకి రాలేదు. భివండికో షోలాపూర్‌కో వలస పోయిన నేతకుటుంబాల పిల్లలు ఆ ఏళ్లు అక్కడే చదివితే, సొంత ఊరు వారికి స్థానికతను ఇవ్వలేకపోయింది.

మెట్‌పల్లి నుంచి చూస్తే మరొక అంతరం కనిపిస్తుంది. ఉద్యోగాల్లో కరీంనగర్ జిల్లా ఆదిలాబాద్, వరంగల్, ఖమ్మంలతో కలిసి ఐదవ జోన్‌లో ఉండగా, హైదరాబాద్ ఆరవ జోన్‌లో ఉంది. విద్యాప్రవేశాల్లో మాత్రం 1974 ఉత్తర్వు తెలంగాణ అంతటినీ ఉస్మానియా ప్రాంతంగా పరిగణించింది. అంటే కొలువు దగ్గర వేరుపడిన రాజధాని విద్యార్థితోనే, కళాశాల సీటు దగ్గర మెట్‌పల్లి విద్యార్థి ఒకే వరుసలో పోటీపడాలి. ఇద్దరూ స్థానికులే, ఇద్దరి బడులు సమానం కావు. ప్రాంతాల నడుమ వెనుకబాటును గుర్తించిన చట్టం, ప్రాంతం లోపలి వెనుకబాటును విద్యలో గుర్తించలేదు.

జోన్ల హద్దులూ స్థిరంగా లేవు. ఆర్మూరు మీదుగా రహదారి కలిపిన నిజామాబాద్, మెట్‌పల్లి 1975లో వేర్వేరు జోన్లలో ఉండేవి. 2016లో మెట్‌పల్లి జగిత్యాల జిల్లాలో చేరింది. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఆ జిల్లాను ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్‌లతో కలిపి బాసర జోన్‌లో ఉంచింది. కరీంనగర్ రాజన్న జోన్‌లోకి వెళ్లింది. నేరుగా జరిపే నియామకాల్లో స్థానికుల వాటా 95 శాతానికి పెరిగింది.

‘ముల్కీ’ నుంచి ‘స్థానికుడు’ దాకా సాగిన ఈ ప్రయాణంలో చట్టం అవకాశానికి హద్దులు గీసింది, వాటాలు నిర్ణయించింది. ఈ రక్షణ విలువైనదే. అయితే అది ప్రభుత్వోద్యోగాలకూ విద్యాప్రవేశాలకే పరిమితం; బీడీలు చుట్టే స్త్రీకి, గల్ఫ్‌కు పోయిన కూలీకి అది అందదు. స్థానికతకు బడిని ఆధారం చేసుకున్న చట్టం ఆ బడి నాణ్యతను కూడా తన బాధ్యతగా స్వీకరించినప్పుడే వాటా అవకాశంగా మారుతుంది.