వత్తి తుపాకులపై నగిషీ పని

వత్తి తుపాకులపై నగిషీ పని అనగా గొట్టపు మూతి నుండి మందు, గుండు కూరి పేల్చే పాతకాలపు తుపాకుల ఇనుప భాగాలను బంగారు, వెండి తీగలతో అలంకరించడం. నిజాం రాజ్యంలో ఆయుధాలు తయారైన ఊళ్ళుగా హైదరాబాదుతో పాటు గద్వాల, వనపర్తి, కొల్లాపూర్‌ల పేర్లు బ్రిటిషు కాలపు గెజిటీర్లలో కనిపిస్తాయి. ఈ మూడూ సంస్థానాధీశుల పట్టణాలే. కొల్లాపూర్ జటప్రోలు సంస్థానానికి రాజధాని. 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న ఇవి ప్రస్తుతం వరుసగా జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలలో ఉన్నాయి.

పేల్చే విధానం

గొట్టం అడుగు భాగాన ఒక సన్నని రంధ్రం, దాని పక్కన చిన్న గిన్నె ఉంటాయి. గిన్నెలో పోసే సన్నని మందును రంజకం అంటారు. మీట నొక్కగానే ఒక ఇనుప కొక్కెం వాలి, తనకు చిక్కించిన నిప్పు వత్తిని రంజకానికి తాకిస్తుంది. ఆ మంట రంధ్రం గుండా లోపలి మందుకు అంటుకుంటుంది. చెకుముకి తుపాకిలో వత్తికి బదులు రాయి ఉక్కుకు తగిలి నిప్పురవ్వలు పుడతాయి. కొక్కెం, గిన్నె మూత, కొయ్యకు ఇరువైపులా బిగించే ఇనుప రేకులు, గొట్టం నగిషీకి అనువైన చోట్లు.

నగిషీ పద్ధతులు

దక్కను ఆయుధాలపై ముఖ్యంగా రెండు పద్ధతులు కనిపిస్తాయి.

కోఫ్త్‌గరీ: ముందుగా భాగాలను కొయ్య నుండి విడదీసి, ఆకురాయితో నునుపు చేస్తారు. తరువాత పదునైన ఉలితో అడ్డంగా, ఏటవాలుగా అతి సన్నని గాట్లు దగ్గరదగ్గరగా పెడతారు. సూదిమొనతో లతలు, పూలు గీసి, ఆ గీతల వెంట తీగను పరచి చిన్న సుత్తితో కొడతారు. గాట్ల గరుకే తీగను పట్టి ఉంచుతుంది. జిగురు గాని, టంకం గాని ఉండదు. ఆపై వేడిచేసి నున్నని రాతితో రుద్దుతారు. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ వేడికి ఉక్కు నీలివర్ణం పొందుతుంది. స్ప్రింగులకు ఎక్కువ వేడి తగిలితే బిగువు పోతుంది కాబట్టి వాటిని వేరుగా ఉంచాలి.

తహ్నిషాన్: ఇందులో లోతైన గాడి తొలిచి, మందపు తీగను అందులోకి కొట్టి దించుతారు. ఇది ఎక్కువ కాలం మన్నుతుంది, బంగారమూ ఎక్కువ పడుతుంది.

బిదిరీ పనిలోనూ గాడిలో వెండిని పొదుగుతారు గాని, అక్కడ ఆధారలోహం ఇనుము కాదు, జింకు, రాగి మిశ్రమం.

క్షీణత, సంరక్షణ

19వ శతాబ్దపు ఉత్తరార్ధంలో వెనుక నుండి తూటా పెట్టే తుపాకులు వ్యాపించాయి. 1948లో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో విలీనమయ్యాక సంస్థానాల ఆదరణ కూడా ముగిసింది.

కోఫ్త్‌గరీలోని బంగారు పొర అతి పలుచన. దసరా ఆయుధపూజకు పాత తుపాకులను గరుకు కాగితంతోనో, చింతపండుతోనో తోమితే ఆ పొర ఊడిపోతుంది. గాట్లు కూడా అరిగితే ఆ పని ఎవరిదో, ఎలా చేశారో తెలుసుకునే ఆధారమే పోతుంది. కాలిన రంజకపు మసి తేమను పీల్చి తుప్పు పట్టిస్తుంది కనుక గిన్నె చుట్టూ ఉన్న నగిషీ ముందుగా చెడుతుంది. పొడి మెత్తని గుడ్డతో తుడిచి, పలుచగా నూనె రాయడం క్షేమకరం. లోపల పాత మందు మిగిలి ఉండవచ్చు గనుక వేడిచేయరాదు. పేల్చగల స్థితిలో ఉన్న తుపాకిని ఉంచుకొనడానికి 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు అవసరం.

హైదరాబాదులోని సాలార్ జంగ్ మ్యూజియం ఆయుధాల విభాగంలో ఇటువంటి అలంకృత ఆయుధాలను చూడవచ్చు.