మోస్ శస్త్రచికిత్స బిల్లింగ్ కోడ్‌లు

అమెరికాలో చర్మ క్యాన్సర్‌కు చేసే మోస్ శస్త్రచికిత్సకు బీమా సొమ్ము రాబట్టడానికి క్లెయిమ్‌లో రాసే అంకెలివి. ఇప్పుడు వాడుకలో ఉన్నవి, వైద్య ప్రక్రియల కోడ్‌ల జాబితా అయిన సీపీటీలో 17311 నుంచి 17315 వరకు ఐదు కోడ్‌లు. కోతకూ, కోసిన కణజాలాన్ని మైక్రోస్కోపు కింద పరీక్షించడానికీ కలిపి ఒకే ధర కట్టడం వీటి ప్రత్యేకత. తర్వాత వచ్చిన తగాదాలు చాలావరకు ఇక్కడ పుట్టినవే.

విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రెడరిక్ మోస్ 1930లలో ఈ పద్ధతిని రూపొందించి, 1941లో ప్రచురించారు. కణితిపై జింక్ క్లోరైడ్ లేపనం పూసి, కణజాలం గట్టిపడ్డాక పొర తీసి, దాని అంచులన్నీ పరీక్షించేవారు. ఎక్కడ క్యాన్సర్ మిగిలితే అక్కడే మరో పొర తీసేవారు. చికిత్సకు రోజులు పట్టేవి. లేపనం లేకుండా, తాజా కణజాలాన్ని గడ్డకట్టించి చూసే విధానాన్ని ట్రోమోవిచ్, స్టెగ్‌మన్ 1974లో ప్రచారంలోకి తెచ్చాక చాలా కేసులు ఒక్కరోజులో ముగియసాగాయి.

చెల్లింపుల చరిత్ర వేరే దారిలో నడిచింది. వృద్ధుల ప్రభుత్వ బీమా అయిన మెడికేర్‌కు 1965లో చట్టం వచ్చింది. మరుసటి ఏడాది అమెరికన్ మెడికల్ అసోసియేషన్ సీపీటీ తొలి ముద్రణ వెలువరించింది. 1983లో మెడికేర్ ఆ కోడ్‌లను స్వీకరించాక అవి డాక్టర్ల ఆదాయాన్ని నిర్ణయించే అంకెలయ్యాయి. హార్వర్డ్‌లో విలియం షియావ్ బృందం చేసిన అధ్యయనం ఆధారంగా 1992 జనవరి 1 నుంచి ప్రతి పనికీ శ్రమ, ఖర్చు, బాధ్యతలను బట్టి పాయింట్లు కట్టడం మొదలైంది. పాయింటుకు ఆ ఏడాది మెడికేర్ ఇచ్చింది 31 డాలర్లు. 2025లో ఇచ్చింది 32.35 డాలర్లు. ముప్పై మూడేళ్ల ధరల పెరుగుదలతో పోల్చి చూస్తే ఈ రెండు అంకెల అర్థం తెలుస్తుంది.

2006 వరకు మోస్‌కు 17304 నుంచి 17307 వరకు, ఆపై 17310 కోడ్‌లు ఉండేవి. ఒక్కో పొర తీసి చూడటాన్ని ఒక దఫాగా పట్టి, మొదటి దఫా, రెండో దఫా, మూడో దఫా అంటూ వరస లెక్కే తప్ప, కణితి ముక్కు మీద ఉందా వీపు మీద ఉందా అన్న తేడా లేదు. 2007 జనవరి 1న ఆ తేడా వచ్చింది. తల, మెడ, చేతులు, పాదాలు, జననాంగాలపై మొదటి దఫాకు 17311, తర్వాతి ప్రతి దఫాకు 17312. మొండెం, బాహువులు, కాళ్లపై 17313, 17314. ఒక దఫాలో పరీక్షించే కణజాలం ఐదు ముక్కలు దాటితే, అదనపు ముక్కకొకటి చొప్పున 17315.

ముక్కు మీద బేసల్ సెల్ కార్సినోమా ఉందనుకుందాం. మొదటి దఫాలో ఆరు ముక్కలు, రెండో దఫాలో మూడు ముక్కలు చూస్తే 17311, 17312 ఒక్కొక్కటి, 17315 ఒకటి. పక్క చర్మాన్ని జరిపి, పది చదరపు సెంటీమీటర్ల లోపు గాయాన్ని పూడిస్తే అదనంగా 14060. రోగ నిర్ధారణకు, వ్యాధుల కోడ్‌ల జాబితా అయిన ఐసీడీ-10లో సీ44.311. 2015 అక్టోబరుకు ముందున్న ఐసీడీ-9లో ముక్కుకూ బుగ్గకూ ఒకే కోడ్ ఉండేది. చర్మ క్యాన్సర్లను బేసల్, స్క్వేమస్ రకాలుగా చూపే విభజన కూడా 2011లోగాని రాలేదు.

కోసిన డాక్టరే పరీక్షించాలన్నది ప్రధాన నియమం. స్లైడులు వేరే పాథాలజిస్టు చూస్తే మోస్ కోడ్ చెల్లదు. మామూలు కోత కోడ్ రాయాలి. అదే కణజాలానికి 88305 కింద విడిగా పాథాలజీ రుసుము అడగడం కూడా కుదరదు.

ఒకేరోజు చేసిన రెండో పనికి చెల్లింపు తగ్గించే నియమం నుంచి మోస్‌కున్న మినహాయింపును 2008లో మెడికేర్ తీసేసింది. అప్పటి నుంచి ఒకేరోజు రెండు కణితులు తీసినా, కోతతోపాటు గాయం పూడ్చినా, తక్కువ ధర ఉన్నదానికి సగమే చెల్లిస్తోంది. రెండో కణితికి రోగిని మరో రోజు రప్పించే పరిస్థితి వస్తుందని సర్జన్ల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. ఆ మాటలో నిజముంది. దఫాను బట్టి డబ్బు వచ్చేచోట దఫాలు పెరుగుతాయన్న అవతలి వాదనా తీసిపారేయదగ్గది కాదు. 2012లో నాలుగు వైద్య సంఘాలు కలిసి 270 సందర్భాలను పరిశీలించి, మోస్ ఎక్కడ తగునో, ఎక్కడ తగదో ప్రకటించాయి. 2017లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంతో కలిసి అమెరికన్ కాలేజ్ ఆఫ్ మోస్ సర్జరీ, ఒక్కో సర్జనుకు కేసుకు సగటున ఎన్ని దఫాలు పడుతున్నాయో తోటివారితో పోల్చి ఉత్తరాలు పంపింది. మరీ ఎక్కువ దఫాలు చూపినవారి సగటు ఆ తర్వాత తగ్గింది. నిబంధనలకన్నా ఆ ఉత్తరమే బాగా పనిచేసిందనిపిస్తుంది.

క్లెయిమ్‌లు ఎలక్ట్రానిక్ రూపంలోకి మారాక అమెరికా మెడికల్ కోడింగ్ పనిలో కొంత హైదరాబాదుకు చేరింది. అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో చదివే లైఫ్ సైన్సెస్ పట్టభద్రులు మెడికల్ కోడర్ల అర్హత పరీక్ష అయిన సీపీసీ కోసం ఈ ఐదు కోడ్‌లూ నేర్చుకుంటారు. సీపీటీ ఏటా జనవరి 1న, ఐసీడీ ప్రధానంగా అక్టోబరు 1న మారతాయి కనుక, పాత పుస్తకం కొనేవారు ముందు దాని సంవత్సరం చూసుకోవాలి.