బోర్డుకు ఒక తలుపు: ప్రోగ్రాం ఎక్కించే కనెక్టర్ కథ

జర పెద్ద పోస్టే, ఓపికతోని చదవండి. ఎలక్ట్రానిక్స్ చదవనోళ్లకు కూడా అర్థమయ్యేటట్టు రాసే ప్రయత్నం చేసిన.

మా చేను ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీకి దగ్గరనే. 2015 డిసెంబర్‌ల ఫ్యాక్టరీ మూతపడ్డంక మావోళ్లు చెరుకు బంద్ పెట్టి వరి, పసుపు వేస్తున్నరు. బాపు రాత్రిపూట టార్చిలైటు పట్టుకొని మోటరు దగ్గరికి పోతడు. ఆ తిప్పలు తప్పియ్యాలని పోయినేడు ఫోన్‌తోని నడిచే స్టార్టర్ బోర్డు తయారుచేసిన. బోర్డు చిన్నగ రావాలని ప్రోగ్రాం ఎక్కించే కనెక్టర్ తీసేసిన. హాస్టల్‌ల నాలుగు తీగలు అంటించి ప్రోగ్రాం ఎక్కించి, తీగలు కత్తిరించిన.

ఇరవై రోజులు మంచిగనే నడిచింది. తర్వాత కరెంటు పోయి వచ్చినప్పుడల్లా బోర్డు బిగుసుకపోవుడు మొదలైంది. తప్పు నా ప్రోగ్రాంల ఒక్క లైనే. కానీ లోపలికి పోయే తొవ్వ లేదు. మళ్ల తీగలు అంటియ్యబోతే రాగి ప్యాడ్ ఊడొచ్చింది. బోర్డు ఖతం. "నువ్వే చేస్తివి గద బిడ్డా, మల్ల నీకే బాగ చెయ్యరాకపాయెనా?" అన్నడు బాపు. ఆ మాటకు జవాబు వెతుకుతుంటేనే ఈ చరిత్ర చదివిన.

1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ మొదలైంది. టీడీసీ వరుస కంప్యూటర్లను తయారుచేసింది ఈ సంస్థే. ఆ కాలపు మినీ కంప్యూటర్ల ముందు పలక మీద స్విచ్చులు, దీపాలు ఉండేవి. మెమరీలో ఏముందో దీపాలు చూసి తెలుసుకునేవాళ్లు, స్విచ్చులు వేసి మార్చేవాళ్లు. అంటే లోపలికి పోయే తలుపు యంత్రం ముఖం మీదే ఉండేది.

1971లో ఇంటెల్ చిప్ మీద గాజుకిటికీ ఉన్న ఈప్రామ్‌ను తెచ్చింది. తప్పు దొరికితే చిప్‌ను సాకెట్ నుంచి పీకి, అతినీలలోహిత దీపం కింద చెరిపి, మళ్లీ రాసి పెట్టాలి. పని ఆలస్యం, పీకినప్పుడల్లా కాళ్లు వంగుతాయి. కానీ తలుపైతే ఉంది.

1980లలో చిప్‌లు చిన్నగయ్యి, బోర్డు పైనే సోల్డర్ చేసే పద్ధతి పెరిగింది. కాళ్లు మరీ దగ్గరయ్యాయి. ఫ్యాక్టరీల్లో బోర్డును మేకుల పాన్పు లాంటి పరికరం మీద పెట్టి పరీక్షించేవాళ్లు, ఇప్పుడు ఆ మేకులు ఆనడానికే జాగా లేకుండా పోయింది. అందుకే 1985లో కొన్ని కంపెనీలు జేట్యాగ్ అనే బృందంగా కలిసినయి. 1990లో అది ఐఈఈఈ 1149.1 ప్రమాణం అయింది. టీడీఐ, టీడీఓ, టీసీకే, టీఎంఎస్ అనే నాలుగు తీగలతో చిప్ కాళ్ల స్థితిని బయటినుంచి చదవొచ్చు. పుట్టింది బోర్డు పరీక్ష కోసమే. తర్వాత అవే తీగల మీద ప్రోగ్రాం ఎక్కించుడు, తప్పులు వెతుకుడు కూడా మొదలైంది.

ఇక్కడే ఒక చిక్కు. ప్రమాణం తీగల పనిని చెప్పింది గానీ కనెక్టర్ ఆకారాన్ని ఖాయం చేయలేదు. కంపెనీకో తీరు వచ్చింది. ఆర్మ్ చిప్‌లకు చాన్నాళ్లు 2.54 మిల్లీమీటర్ల ఎడంతో 20 కాళ్ల కనెక్టర్ నడిచింది, తర్వాత 1.27 ఎడంతో 10 కాళ్లది వచ్చింది. కార్టెక్స్ చిప్‌లతో ఎస్‌డబ్ల్యూడీ పద్ధతి వచ్చాక గ్రౌండ్ కాకుండా రెండు తీగలే చాలు. ట్యాగ్-కనెక్ట్ అయితే బోర్డు మీద కనెక్టరే అడగదు, స్ప్రింగు సూదులు ప్యాడ్ల మీద ఆనుతాయి.

మరి మనకేది? వేల బోర్డులు చేసే కంపెనీకి స్ప్రింగు సూదులు లాభం, ఎందుకంటే బోర్డుకు పైసా ఖర్చు లేదు, కేబుల్ ఒక్కటి కొంటే చాలు. నేను చేసేది మూడు బోర్డులు. ఆ కేబుల్ ధర నాకు భారం, పోతే ఇక్కడ దొరకదు. 1.27 కనెక్టర్ చిన్నదే గానీ పొలంల మట్టి చేతులతోని పెట్టుడు కష్టం. కోఠి గుజరాతీ గల్లీల దొరికే మామూలు 2.54 బెర్గ్ స్ట్రిప్, జంపర్ వైర్లు నాకు సరిపోతయి.

కొత్త బోర్డుల ఐదు కాళ్లు పెట్టిన. వరుస ఇది: 3.3 వోల్టులు, క్లాక్, గ్రౌండ్, డేటా, రీసెట్. గ్రౌండ్ నడుమ ఉంటే కేబుల్ తిప్పి పెట్టినా షార్ట్ కాదు. రీసెట్ ఎందుకంటే, ప్రోగ్రాం పొరపాటున ఆ రెండు కాళ్లను వేరే పనికి వాడుకున్నా, చిప్‌ను రీసెట్‌ల పట్టి ఉంచి లోపలికి పోవచ్చు. పేర్లు బోర్డు మీదనే అచ్చు వేయించిన. ఒక్క జాగ్రత్త: మోటరు కరెంటు పూర్తిగ తీసినంకనే ల్యాప్‌టాప్ తగిలించాలె, లేకుంటే ప్రాణానికే ప్రమాదం.

ఈ వానాకాలం రెండుసార్లు ప్రోగ్రాం మార్చాల్సి వచ్చింది. రెండోసారి నేను హాస్టల్‌లనే ఉన్న. ఇంటర్ చదివే తమ్ముడు పెట్టె విప్పి, ఫోన్‌ల నేను చెప్తుంటే వైర్లు పెట్టి, తనే ఎక్కించిండు. బాపు పక్కన నిలబడి చూసిండట.

మీలో ప్రాజెక్టు బోర్డులు చేసేటోళ్లు జాగా సరిపోతలేదని ముందుగ ఆ ఐదు కాళ్లనే తీసెయ్యకండి. నా బోర్డు డ్రాయింగ్ కావాలంటే కింద అడగండి, పంపిస్త.